పచ్చకార్డు పడిగాపులు

మన మహాసభల్లో భోజనాల వరుసలో నిలబడితే చాలు, అమెరికాకు తెలుగువాళ్ళ వలస కథంతా కళ్ళకు కడుతుంది. ముందు నిలబడ్డ డాక్టరు గారు 1970లలో గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించుకుని గ్రీన్ కార్డుతోనే ఇక్కడ విమానం దిగినవారు. ఆయన వెనకాయన వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వచ్చినవాడు. ఆ వెనక కుర్రాడు ఇక్కడే ఎమ్మెస్ చేసి, పదేళ్ళుగా హెచ్-1 మీద ఉన్నవాడు. డాక్టరు గారు ఆప్యాయంగానే అడుగుతారు, "ఏం బాబూ, ఇంకా గ్రీన్ కార్డు రాలేదా? అశ్రద్ధ చేశావేమిటి?" అని. కుర్రాడు నవ్వి ఊరుకుంటాడు.

అశ్రద్ధ కాదండీ, లెక్క అలా ఉంది అని చెప్పడానికే ఈ వ్యాసం. నేను లాయర్ని కాను, చరిత్రకారుణ్ణి అంతకన్నా కాను. ఇంజనీరింగు చదివి ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. కానీ పదకొండేళ్ళు ఒక వరుసలో నిలబడ్డవాడికి ఆ వరుస ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వెతకాలనిపించడం సహజమే కదా.

ముందు మన భీమవరం ఆయన సంగతి చెప్పుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలి ఏళ్ళలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940 నుంచి లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటివన్నీ ఆ బృందాల చేతి చలవే. అంతటి మనిషికి ఈ దేశపు చట్టం ఇచ్చిన హోదా ఏమిటి? 1917 చట్టం మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ మండలం అంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1924 చట్టం, పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు వలసదారులుగా రావడానికీ వీల్లేదంది. 1946 జులై 2న ట్రూమన్ సంతకంతో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకోలేదు. తెరుచుకుందన్నమాటే గానీ, నలభై కోట్లకు దగ్గరగా ఉన్న దేశానికి ఏడాదికి వందమంది కోటా. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు, అమెరికా పౌరుడు కాకుండానే.

1952 చట్టం ఆ వంద కోటాను అలాగే ఉంచింది. అయితే మన కథకు ముఖ్యమైన అక్షరం అందులోనే పుట్టింది. తాత్కాలికంగా వచ్చి పనిచేసి వెళ్ళిపోయే వాళ్ళ కోసం హెచ్ అనే వర్గం పెట్టి, అందులో అసాధారణ ప్రతిభావంతులను హెచ్-1 అన్నారు. అప్పటి షరతులు చూస్తే నవ్వొస్తుంది. మనిషి తాత్కాలికం, అతను చేసే పని కూడా తాత్కాలికం కావాలి, సొంత దేశంలో వదులుకోని ఇల్లు ఉండాలి. 1970లో సవరణ చేసి, ఉద్యోగం శాశ్వతమైనదైనా ఫరవాలేదు, వచ్చేవాడు తాత్కాలికంగా వస్తే చాలు అన్నారు. శాశ్వతమైన ఉద్యోగంలో తాత్కాలికమైన మనిషి! మన హెచ్-1 బతుకుకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఈలోగా 1965 అక్టోబరు 3న స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పాదాల దగ్గర ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టారు. పాత జాతుల వారీ కోటాలు పోయి, తూర్పు అర్ధగోళంలో ఏ దేశానికైనా ఏడాదికి 20,000 దాకా అన్నారు. వృత్తి నిపుణులకు మూడో ప్రాధాన్యం. అదే ఏడాది మెడికేర్ వచ్చింది, ఆసుపత్రులకు డాక్టర్ల కొరత వచ్చింది. మన గుంటూరు, ఉస్మానియా, ఆంధ్రా మెడికల్ కాలేజీల వాళ్ళకు ఆ రోజుల్లో హెచ్-1 గొడవే పెద్దగా లేదు. చాలామంది మద్రాసు కాన్సులేటులోనే వలస వీసా తీసుకుని వచ్చారు. 1976లో విదేశీ డాక్టర్ల రాకకు కళ్ళెం వేసే చట్టం వచ్చేదాకా ఆ దారి విశాలంగానే ఉంది. కాబట్టి డాక్టరు గారి ప్రశ్నలో తప్పేమీ లేదు. వారి కాలంలో వంద కోటా ఇరవై వేలయింది, అంతమంది ఇంకా ఊళ్ళలోంచి బయల్దేరలేదు.

అన్నట్టు, పచ్చకార్డు అంటున్నాం గానీ 1964 నుంచీ దాని రంగు పచ్చగా లేదు. లేత నీలం చేశారు, తర్వాత ఇంకేవో రంగులు మార్చారు. పేరు మాత్రం మారలేదు. 2010లో మళ్ళీ పచ్చరంగు వేశారు.

ఇక అసలు కథ 1990 చట్టం. ఆ ఏడాది నవంబరు 29న మొదటి బుష్ సంతకం పెట్టిన ఈ చట్టంలోని రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మన కష్టాలన్నీ అందులోంచే లెక్కగట్టవచ్చు. హెచ్-1బి అనే వర్గాన్ని డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తులకు కేటాయించి, ఏడాదికి 65,000 అన్నారు. ఆరేళ్ళ గడువు పెట్టారు. సొంత దేశంలో ఇల్లు ఉండాలన్న షరతు ఎత్తేసి, తాత్కాలిక వీసా మీద ఉంటూనే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. అంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టడానికి చట్టమే అనుమతి ఇచ్చింది. అటుపక్క ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులను 54,000 నుంచి 1,40,000కు పెంచారు. ఎంతో ఉదారంగా కనబడుతుంది. మెలిక అంతా ఒక్క వాక్యంలో ఉంది: ఏ ఒక్క దేశానికీ మొత్తంలో ఏడు శాతం మించకూడదు.

లక్షా నలభై వేలలో ఏడు శాతం 9,800. ఇందులో ఇంజనీరుతోపాటు భార్య, పిల్లలు కూడా లెక్కే. ముగ్గురున్న కుటుంబం మూడు కార్డులు తినేస్తుంది. ఆ లెక్కన మూడు వేల పైచిలుకు ఉద్యోగస్తులతో కోటా చెల్లు. భారతదేశానికీ ఇదే పరిమితి, ఐస్‌లాండుకూ ఇదే పరిమితి. వంద గడపలున్న పల్లెకూ, లక్ష మంది ఉన్న పట్నానికీ రోజుకు ఒక్కటే బస్సు వేసినట్టు. ఆ పల్లె బస్సు సగం ఖాళీగా పోతుంటే పట్నం వాళ్ళు ఎక్కవచ్చునన్న వెసులుబాటు ఉంది గానీ, అది ఆ ఏటి మిగుళ్ళను బట్టి ఉంటుంది. తమాషా ఏమిటంటే హెచ్-1కు దేశాల వారీ పరిమితి లేదు. లోపలికి వచ్చే తలుపు అందరికీ ఒకటే, కుర్చీలు మాత్రం దేశాల వారీగా వేశారు. ఇది కుట్ర అని కొందరంటారు, నాకలా అనిపించదు. 1990లో కూర్చుని చట్టం రాసినవాళ్ళకు పదేళ్ళలో హెచ్-1లలో దాదాపు సగం ఒక్క దేశానికే వెళతాయని తోచి ఉండదు. తోచనిది తప్పు కాదు. తెలిశాక ముప్పై ఏళ్ళకు పైగా మార్చకపోవడమే నాకు అర్థం కాని విషయం.

వైటూకే తిరనాళ్ళ సంగతి మీ అందరికీ తెలిసిందే. కంపెనీల ఒత్తిడితో 1998లో హెచ్-1 కోటాను రెండేళ్ళపాటు 1,15,000కు పెంచారు. 2000 అక్టోబరులో క్లింటన్ సంతకంతో వచ్చిన చట్టం మూడేళ్ళపాటు 1,95,000 చేసింది. ఆరేళ్ళు దాటినా గ్రీన్ కార్డు ప్రయత్నంలో ఉన్నవాళ్ళు హెచ్-1 పొడిగించుకోవచ్చని, చివరి దరఖాస్తు వేసి 180 రోజులు దాటితే అటువంటి ఉద్యోగానికే మారవచ్చని వెసులుబాట్లు ఇచ్చింది. అంతకుముందు రెండేళ్ళలో వాడకుండా మిగిలిపోయిన లక్షా ముప్పై వేల గ్రీన్ కార్డు నంబర్లను తిరిగి తెచ్చింది. తలుపు మూడింతలు వెడల్పయింది. కుర్చీల ఏటి లెక్క మాత్రం మారలేదు. ఆ ఒక్కసారి ఇచ్చిన నంబర్లు కొన్నేళ్ళు ఆ సంగతిని కప్పిపెట్టాయి.

వరుస కనబడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇంజనీర్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గ్రీన్ కార్డుకు మూడు మెట్లు: ఈ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కార్మికశాఖ చేత ధ్రువీకరణ, తర్వాత కంపెనీ వేసే ఐ-140, చివరగా మనిషి వేసుకునే ఐ-485. ఆ రోజుల్లో మొదటి మెట్టు మీదే ఏళ్ళు గడిచేవి. ఏ రాష్ట్రంలో వేశాం అన్నదాన్ని బట్టి జాతకం మారేది. మూడు లక్షలకు పైగా ఫైళ్ళు పేరుకుపోతే డల్లస్‌లో, ఫిలడెల్ఫియాలో బకాయిల పరిష్కార కేంద్రాలు తెరిచి అక్కడికి పంపారు. 2005 మార్చి 28 నుంచి కొత్తవాళ్ళకు పెర్మ్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చి, లేబర్ నెలల్లోనే రావడం మొదలైంది. వెనక వచ్చినవాడికి మూడు నెలల్లో వస్తుంటే, ముందు వేసినవాడు ఫిలడెల్ఫియా వైపు చూస్తూ కూర్చున్నాడు. మొదటి మెట్టు చురుగ్గా కదిలేసరికి జనమంతా మూడో మెట్టు మీదకు వచ్చి పడ్డారు. 2005 జనవరిలో ఈబీ-3కు, అక్టోబరులో ఈబీ-2కూ భారతీయుల తేదీలు ఏళ్ళు వెనక్కి పోయాయి. వరుస ఎప్పటినుంచో ఉన్నదే. చోటు మారి బయటికి కనబడింది.

అప్పటినుంచే మనవాళ్ళకు విదేశాంగశాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్ పంచాంగమైంది. పెళ్ళి ముహూర్తం కన్నా శ్రద్ధగా చూసేవాళ్ళం.

2007 జులై గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఆ నెల చవిచూసినవాళ్ళు ఎవరూ మరిచిపోరు. జూన్ మధ్యలో వచ్చిన బులెటిన్‌లో నైపుణ్యం గల ఉద్యోగుల వర్గాలన్నిటికీ 'కరెంట్' అని ఉంది. అంటే జులై 2 నుంచి ఏ తేదీ వాళ్ళయినా ఐ-485 వేసుకోవచ్చు. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రెండు వారాల్లో కాగితాలన్నీ కావాలి. వైద్య పరీక్ష చేసే డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్లు లేవు. అంతకన్నా పెద్ద సమస్య జనన ధ్రువపత్రం. పల్లెటూళ్ళో మంత్రసాని చేతిలో పుట్టిన మా తరానికి బర్త్ సర్టిఫికెట్ ఎక్కడిది? ఊళ్ళో నాన్నగార్లు పంచాయతీ కార్యదర్శి చుట్టూ, మండల ఆఫీసు చుట్టూ తిరిగి, రికార్డులో పేరు లేదన్న కాగితం ఒకటి, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు రెండు నోటరీ చేయించి కొరియరులో పంపేవారు. పుట్టాడని రుజువు చేయడానికి పుట్టినట్టు నమోదు కాలేదన్న రుజువు కావాలి.

జులై 2 ఉదయానికి నెబ్రాస్కా, టెక్సాస్ సర్వీస్ సెంటర్లకు కవర్లు చేరుతుండగా విదేశాంగశాఖ మరో ప్రకటన చేసింది: నంబర్లు అయిపోయాయి, ఈ ఏడాదికి ఇక లేవు. జూన్ చివరలో, వారాంతం కూడా కూర్చుని, దాదాపు 60,000 నంబర్లను వాడేశారన్నమాట. దరఖాస్తులు తీసుకోబోమని ఇమిగ్రేషన్ శాఖ చెప్పేసింది. ఫీజులు, కొరియర్లు, వైద్య పరీక్షలు అన్నీ అయ్యాక.

అప్పుడు మనవాళ్ళు చేసిన పని నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అంతకుముందు ఏడాది వచ్చిన 'లగే రహో మున్నాభాయ్' సినిమాలో గాంధీగిరి గుర్తుంది కదా. జులై 10న ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టరు ఎమీలియో గొంజాలెజ్ ఆఫీసుకు వందలాది పూలగుత్తులు వెళ్ళాయి. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి మళ్ళించారు. 14న శాన్ హోజేలో ఊరేగింపు జరిగింది. హెచ్-1 మీద ఉన్నవాడికి నోరెత్తితే ఏమవుతుందోనన్న భయం ఎముకల్లో ఉంటుంది. అలాంటివాళ్ళు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వీధిలో నడిచారు. ఇటు వ్యవహారం కోర్టుకెక్కింది, కాంగ్రెస్‌లో జో లాఫ్‌గ్రెన్ నిలదీశారు. జులై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆగస్టు 17 దాకా, పాత ఫీజుతోనే దరఖాస్తులు తీసుకుంటామంది. అదీ చిన్న మాట కాదు. జులై 30 నుంచి ఐ-485 ఫీజు వేలిముద్రలతో కలిపి 395 డాలర్ల నుంచి 1,010కి పెరిగింది.

ఆ నెలరోజుల్లో ఇంకో చిక్కుంది. పెళ్ళికాని వాడికి గ్రీన్ కార్డు ముందు వచ్చేస్తే తర్వాత కట్టుకున్న భార్య వేరే వరుసలో ఏళ్ళు ఆగాలి. భార్య ఇండియాలో ఉంటే ఇక్కడికి వచ్చి గానీ దరఖాస్తు వేయలేదు. పెళ్ళి చేసేద్దామా అంటే ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చి, జులై 15 నుంచి ఆగస్టు 12 దాకా సరిగ్గా ఆషాఢం పడింది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, అమెరికా ప్రభుత్వానికి శ్రావణం తెలియదు. రెండు పక్కలా పెద్దలు తలలు పట్టుకున్నారు.

దాదాపు మూడు లక్షల దరఖాస్తులు పోగయ్యాయన్నారు. వేయగలిగినవాళ్ళకు గ్రీన్ కార్డు రాకపోయినా పని అనుమతి కార్డు వచ్చింది. భార్యలు ఉద్యోగాలకు వెళ్ళారు. కంపెనీ మారే ధైర్యం వచ్చింది. నా రూమ్మేటు లేబర్ ఆడిట్‌లో పడి సెప్టెంబరులో చేతికొచ్చింది. ఒకే రోజు ఒకే కాలేజీలో చేరిన ఇద్దరం, ఒకడు కిటికీ దూకాడు, రెండోవాడి ముఖం మీద అది మూసుకుంది. ఆ జులైలోనే, 16వ తేదీ నుంచి, ఒకరి పేరున వచ్చిన లేబర్‌ను మరొకరికి మార్చే పద్ధతిని కార్మికశాఖ నిషేధించింది. పాత తేదీ లేబర్లు డబ్బుకు చేతులు మారిన కథలు మన మధ్య ఎన్ని తిరిగాయో తెలిసినవాళ్ళకు అది ఎంత అవసరమో తెలుసు.

తర్వాతి ఏళ్ళలో బులెటిన్ వైకుంఠపాళీ ఆడింది. 2012 ఏప్రిల్‌లో ఈబీ-2 2010 మే దాకా నిచ్చెన ఎక్కి, అక్టోబరుకల్లా 2004 సెప్టెంబరుకు పాము నోట్లో పడింది. నా రూమ్మేటు ఆ నిచ్చెన మీద ఉండగా ఐ-485 పడేశాడు. నా 2006 నాటి ఈబీ-3 తేదీకి 2017లో వంతు వచ్చింది.

స్టాంపింగు కష్టాలు పాతవాళ్ళకు కొత్త కాదు. 2004 జులై దాకా పాస్‌పోర్టు పోస్టులో పంపితే ఇక్కడే స్టాంపు వేసేవారు. అది ఆపాక అమ్మ ఒంట్లో బాగాలేదన్నా చెన్నై జెమినీ సర్కిల్ కాన్సులేటులో తేదీ దొరుకుతుందో లేదో చూసుకుని టికెట్టు కొనాల్సి వచ్చింది. 2008 అక్టోబరులో హైదరాబాదు పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు వచ్చాక ఆ రైలు ప్రయాణం తప్పింది. చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు, పనయ్యాక నూటెనిమిది మాత్రం తప్పలేదు.

వరుస పొడుగైన కొద్దీ అది కాగితాల సమస్యగా మిగలలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో శ్రీనివాస్ కూచిభొట్లను జాత్యహంకారంతో ఒకడు కాల్చి చంపాడు. 2005లో చదువుకు వచ్చి, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మన హైదరాబాదు ఇంజనీరు. ఆయన చనిపోవడంతో భార్య సునయన గారి వీసా హోదా కూడా పోయింది. భర్త అంత్యక్రియలకు ఇండియా వెళ్ళిన మనిషి తిరిగి తన ఇంటికి రావడానికి దారి లేదు. అప్పటి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని తాత్కాలిక అనుమతి ఇప్పించాల్సి వచ్చింది. ఒక మనిషి ఊపిరి మీద కుటుంబం హోదా అంతా వేలాడుతుందని అప్పటిదాకా చట్టం చదివినవాళ్ళకే తెలుసు.

చిన్న చిన్న మేళ్ళు జరగలేదని కాదు. 2015 మే 26 నుంచి, ఐ-140 అయినవాళ్ళ భార్యాభర్తలకు హెచ్-4 మీద పని అనుమతి ఇచ్చారు. 2017 జనవరి నుంచి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు దొరికింది. 2001లో మా సీనియర్లకు ఆపాటి గడువు కూడా లేదు. ఏడు శాతం జోలికి మాత్రం ఎవరూ విజయవంతంగా వెళ్ళలేదు. 2011లో ప్రతినిధుల సభ 389-15తో, 2019 జులైలో 365-65తో ఆ పరిమితి ఎత్తేసే బిల్లులను నెగ్గించింది. 2020 డిసెంబరు 2న సెనేటు కూడా ఏకగ్రీవంగా ఆమోదించింది. కానీ రెండు సభల బిల్లులూ ఒకటి కాకపోవడంతో అది చట్టం కాలేదు. మిగతా దేశాలవాళ్ళు తమ వంతు వెనక్కి పోతుందని అభ్యంతరం చెప్పారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే. ఏడు శాతం తీసేసినంత మాత్రాన కుర్చీలు పెరగవు మరి. కోవిడ్ పుణ్యమా అని కుటుంబ వీసాలు మిగిలి 2021 ఆర్థిక సంవత్సరంలో 2,62,000 ఉద్యోగ నంబర్లు వస్తే, అందులో 66,000కు పైగా వాడకుండానే మురిగిపోయాయి. ఇది మాత్రం ఏ దేశం వాడికీ న్యాయం కాదు.

2025 జులై బులెటిన్‌లో ఈబీ-2 భారతీయుల తేదీ 2013 జనవరి 1. పన్నెండున్నరేళ్ళ వెనకటి తేదీ గనక కొత్తగా చేరినవాడికి పన్నెండున్నరేళ్ళే అనుకుంటే పొరపాటు. వెనకున్న జనం ముందున్నవాళ్ళకన్నా చాలా ఎక్కువ. కుటుంబాలతో కలిపి వరుసలో ఉన్న భారతీయులు పది లక్షల పైమాటేనని పరిశోధకుల అంచనా. అదే ఏడాది సెప్టెంబరు 19న విదేశం నుంచి రప్పించే కొత్త హెచ్-1 దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. తలుపు వైపు ఎంత గొడవ జరిగినా లోపల నిలబడ్డవాళ్ళ వరుస దానివల్ల ఒక్క అడుగూ కదలదు.

ఇప్పుడు ఆ వరుసలో అందరికన్నా ఆదుర్దాగా ఉన్నది తండ్రులు కాదు, పిల్లలు. రెండేళ్ళప్పుడు వచ్చి, ఇక్కడి బళ్ళలో చదివి, మన యువజన విభాగంలో కూచిపూడి ఆడే పిల్లలకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల ఫైలులోంచి పేరు పోతుంది. 2002 చట్టం ఐ-140 పెండింగులో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసేయమంది గానీ, అది నెలల్లో అయిపోయే పని, కలిసొచ్చేది స్వల్పం. వయసును ఏ తేదీతో లెక్కగట్టాలన్నదానికి 2023 ఫిబ్రవరిలో కాస్త ముందుండే దరఖాస్తు తేదీలను తీసుకోవచ్చన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి దాన్ని మళ్ళీ తుది తేదీలకు మార్చారు. ఆ మధ్యలో 21 దాటిన పిల్లలు కాలేజీలో విదేశీ విద్యార్థి వీసాకు దరఖాస్తు పెట్టుకుంటున్నారు, వాళ్ళ నాన్నలు పాతికేళ్ళ క్రితం హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బయల్దేరుతూ పెట్టుకున్నట్టే.